వర్క్ ఫ్రమ్ హోమ్ ల్యాప్‌టాప్‌లో టైమ్ తప్పుతోందా? ముందు తేడా ఎంతో చూడండి

"టైమ్ ఆటోమేటిక్‌లోనే ఉంది, అయినా నాలుగు నిమిషాలు వెనకబడింది." "వీపీఎన్ కనెక్ట్ కావట్లేదు, సర్టిఫికెట్ డేట్ తప్పంటోంది." "ఆథెంటికేటర్ కోడ్ సరిగ్గానే కొడుతున్నా తీసుకోవట్లేదు." ఇంటి నుంచి పని చేసేవాళ్లు పదే పదే అడిగే ప్రశ్నలివి. మూడూ వేర్వేరు సమస్యల్లా కనిపిస్తాయి గానీ చాలాసార్లు మూలం ఒక్కటే: కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో గడియారం తప్పడం.

దీన్ని సరిచేయడం కష్టమేమీ కాదు. తేడా ఎంతుందో చూడకుండా చెయ్యి పెట్టడం వల్లే పని చెడుతుంది. తేడా ఎంతో తెలిస్తే కారణం సగం దొరికినట్టే. అందుకే కింది వరుసను మార్చకండి.

తేడా ఎంతవరకు పర్వాలేదంటే, ఆథెంటికేటర్ యాప్ కోడ్ 30 సెకన్లకోసారి మారుతుంది కాబట్టి అక్కడ నిమిషం తేడా కూడా ఎక్కువే. ఆఫీసు డొమైన్ (కంపెనీ మెషీన్లన్నిటినీ ఒకచోట నుంచి చూసుకునే ఏర్పాటు) లాగిన్‌కు వాడే కెర్బెరోస్ అనే పద్ధతి మామూలుగా 5 నిమిషాల వరకు ఓర్చుకుంటుంది. ఫైళ్లు దాచే ఆన్‌లైన్ సేవ అమెజాన్ ఎస్3కి పంపే రిక్వెస్టులు, తేడా 15 నిమిషాలు దాటితే తిరిగొచ్చేస్తాయి. అంటే మీ ల్యాప్‌టాప్ 7 నిమిషాలు తప్పితే ఎస్3 పనులు సాఫీగా సాగుతూనే ఉంటాయి, ఆఫీసు షేర్డ్ ఫోల్డర్ మాత్రం తెరుచుకోదు. "ఒకటి పనిచేస్తోంది, ఇంకోటి చేయట్లేదు, కాబట్టి టైమ్ సమస్య కాదు" అని అనుకోవద్దు.

కావాల్సినవి

- నెట్ ఉన్న ఫోన్. దాంట్లో టైమ్, టైమ్ జోన్ రెండూ ఆటోమేటిక్‌లో ఉండాలి.
- ల్యాప్‌టాప్‌లో అడ్మిన్ హక్కు. కంపెనీ మెషీన్ అయితే మీకు ఉండకపోవచ్చు. అలాంటప్పుడు 1, 2 మెట్లు మీరు చేసి, మిగతావి ఐటీ టీమ్‌తో చేయించండి.
- మొబైల్ హాట్‌స్పాట్. నెట్‌వర్క్ అడ్డుపడుతోందో లేదో తేల్చేది ఇదే.
- డెస్క్‌టాప్ అయితే సీఆర్2032 బటన్ బ్యాటరీ ఒకటి, చిన్న స్టార్ స్క్రూడ్రైవర్.
- బిట్‌లాకర్ (డిస్క్‌కు తాళం వేసే విండోస్ ఏర్పాటు) రికవరీ కీ, 48 అంకెలది. బయోస్ (విండోస్ కన్నా ముందు తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగులు) జోలికి వెళ్లే ముందే ఇది చేతిలో ఉండాలి. ఎందుకో 7వ మెట్టులో ఉంది.

కమాండ్లను ఇక్కడ తెలుగు లిపిలో ఇచ్చాం. మీరు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. ఎక్కువగా వచ్చే కమాండ్ "డబ్ల్యూ32టీఎమ్": డబ్ల్యూ అక్షరం, 32 అంకె, తర్వాత టీ, ఎమ్, మధ్యలో ఖాళీ లేకుండా. ప్రతి స్లాష్ ముందు మాత్రం ఒక ఖాళీ ఉండాలి.

1. తేడా కొలవండి

బ్రౌజర్‌లో "టైమ్ డాట్ ఈజ్" సైట్ తెరవండి. మీ గడియారం ఎన్ని సెకన్లు ముందుందో, ఎన్ని సెకన్లు వెనకుందో పైనే చూపిస్తుంది. సర్టిఫికెట్ ఎర్రర్ వచ్చి సైటే తెరుచుకోకపోతే ఫోన్ పక్కన పెట్టి పోల్చండి. టైమ్ ఒక్కటే కాదు, తేదీ, సంవత్సరం కూడా చూడండి. టైమ్ సరిగ్గా ఉండి సంవత్సరం తప్పడం తరచూ కంటికి ఆనదు.

తేడాను ఇలా అర్థం చేసుకోండి:

- సరిగ్గా అరగంట, గంట, పదిన్నర గంటలు, ఇలా గుండ్రంగా ఉంటే టైమ్ జోన్ సమస్య. 2వ మెట్టుకు వెళ్లండి.
- సరిగ్గా ఐదున్నర గంటలు ఉండి, అదే మెషీన్‌లో లైనక్స్ కూడా ఉంటే కింద "విండోస్‌తో పాటు లైనక్స్ ఉంటే" భాగం చూడండి.
- కొన్ని సెకన్ల నుంచి కొన్ని నిమిషాల వరకు ఉంటే సింక్, అంటే టైమ్ సర్వర్‌ను అడిగి సరిచేసుకోవడం, ఆగిపోయింది. 3 నుంచి 6 మెట్లు మీకోసమే.
- ఏళ్ల తేడా ఉంటే, లేదా ఆపి ఆన్ చేసిన ప్రతిసారీ తప్పుతుంటే బ్యాటరీ. టైమ్‌ను 3వ మెట్టులో చెప్పినట్టు దగ్గరకు తెచ్చి, 7వ మెట్టుకు వెళ్లండి.

ఇంకో కొలత కూడా గుర్తుంచుకోండి. కంప్యూటర్లో ఉండే మామూలు క్వార్ట్జ్ స్ఫటికం పది లక్షల్లో 20 వంతులు తప్పినా రోజుకు 1.7 సెకన్లే తేడా వస్తుంది. ఆ లెక్కన 5 నిమిషాలు తప్పడానికి దాదాపు ఆరు నెలలు పడుతుంది. మీ ల్యాప్‌టాప్ నిన్న సరిచేస్తే ఇవాళ్టికి మూడు నిమిషాలు తప్పిందంటే అది సింక్ లేకపోవడం ఒక్కటే కాదు, ఇంకేదో ఉంది.

2. టైమ్ జోన్ సరిచూడండి

ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి.

కంప్యూటర్ లోపల నడిచేది యూటీసీ, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక టైమ్. తెర మీద కనిపించేది దానికి మీ జోన్ కలిపిన టైమ్. భారత కాలమానం కాకినాడకు దగ్గరగా వెళ్లే 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం లెక్కన యూటీసీకి 5:30 గంటలు ముందుంటుంది. సర్టిఫికెట్లు, లాగిన్ టికెట్లు, ఆథెంటికేటర్ కోడ్‌లు చూసేది లోపలి యూటీసీనే.

ఉదాహరణకు మీది అమెరికా షిఫ్ట్. చలికాలంలో రాత్రి 11 గంటలకు ల్యాప్‌టాప్ తెరిస్తే ఉదయం 9:30 చూపిస్తోంది. జోన్ పసిఫిక్‌లో ఉండిపోయింది, అంతే. లోపలి యూటీసీ 17:30, అది సరైనదే. మీరు జోన్ ముట్టుకోకుండా గడియారాన్ని చేత్తో రాత్రి 11:00 చేశారనుకోండి. తెర మీద బాగానే కనిపిస్తుంది, లోపల మాత్రం యూటీసీ మర్నాడు 7:00 అయిపోతుంది. పదమూడున్నర గంటలు ముందుకు! ఆ క్షణం నుంచి వీపీఎన్, మెయిల్, లాగిన్ ఒక్కొక్కటిగా మొరాయిస్తాయి. తేడా గుండ్రంగా ఉంటే గడియారాన్ని కదపవద్దు, జోన్ మార్చండి.

విండోస్ 10, 11లో సెట్టింగ్స్, టైమ్ అండ్ లాంగ్వేజ్, డేట్ అండ్ టైమ్ తెరవండి. ఇండియాలో ఉంటే "యూటీసీ+05:30 చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ" ఎంచుకోండి. దాని పక్కనే "ఇస్లామాబాద్, కరాచీ" అని +05:00 ఉంటుంది. అది ఎంచుకుంటే సరిగ్గా అరగంట వెనకబడతారు. జోన్ మార్చడానికి మామూలుగా అడ్మిన్ హక్కు అక్కర్లేదు.

"సెట్ టైమ్ జోన్ ఆటోమేటికల్లీ" ఆన్‌లో ఉండి, వీపీఎన్ కనెక్ట్ చేసినప్పుడల్లా జోన్ మారుతోందా? వీపీఎన్ బయటి చివర వేరే దేశంలో ఉంటే విండోస్ మీరు అక్కడున్నారని పొరబడొచ్చు. ఒకే ఊళ్లో ఉండి పని చేసేవాళ్లు దీన్ని ఆఫ్ చేసి జోన్‌ను చేత్తో పెట్టుకోవడమే మేలు.

3. తేడా పెద్దదైతే ముందు చేత్తో దగ్గరకు తీసుకురండి

డొమైన్‌లో లేని విండోస్ మెషీన్ మామూలు సెట్టింగ్‌లో 54,000 సెకన్లకు, అంటే 15 గంటలకు మించిన తేడాను తనంతట తాను సరిచేయదు. "రిక్వైర్డ్ టైమ్ చేంజ్ వాజ్ టూ బిగ్" అని ఎర్రర్ ఇచ్చి ఊరుకుంటుంది. "సింక్ నౌ" ఎన్నిసార్లు నొక్కినా ఫలితం అదే.

కాబట్టి జోన్ సరైనదని తేల్చుకున్నాక, డేట్ అండ్ టైమ్ పేజీలో ఆటోమేటిక్ టైమ్‌ను ఆఫ్ చేసి, "చేంజ్" నొక్కి, ఫోన్ చూసి సంవత్సరం, తేదీ, గంట, నిమిషం పెట్టండి. ఏఎమ్, పీఎమ్ రెండోసారి చూడండి. ఒక నిమిషం అటూ ఇటూ అయినా పర్వాలేదు, మిగతాది సింక్ చూసుకుంటుంది. తర్వాత ఆటోమేటిక్‌ను మళ్లీ ఆన్ చేయడం మరవకండి.

టైమ్ తప్పితే వీపీఎన్ రాదు, వీపీఎన్ లేకపోతే ఆఫీసు సర్వర్ నుంచి టైమ్ రాదు. ఈ చిక్కుముడి విడిపోయేది కూడా ఇలా చేత్తో పెట్టినప్పుడే.

4. సింక్ చేసి, జవాబు చదవండి

అదే పేజీలో "సింక్ నౌ" నొక్కండి. పక్కన టిక్ వచ్చి, చివరిసారి సింక్ అయిన టైమ్ మారితే పని అయినట్టే. అప్పటికీ నమ్మకం కుదరకపోతే, లేదా ఎర్రర్ వస్తే, కమాండ్ ప్రాంప్ట్‌ను "రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్"గా తెరిచి ఇది కొట్టండి:

డబ్ల్యూ32టీఎమ్ /క్వెరీ /స్టేటస్

వచ్చే జవాబులో రెండు వరుసలు చాలు. "లాస్ట్ సక్సెస్‌ఫుల్ సింక్ టైమ్" ఎప్పటిదో చూడండి. "సోర్స్" అన్నచోట ఏముందో చూడండి. అక్కడ ఏదో సర్వర్ పేరు ఉంటే మంచిదే. "లోకల్ సీమాస్ క్లాక్" అనో "ఫ్రీ రన్నింగ్ సిస్టమ్ క్లాక్" అనో ఉంటే మీ మెషీన్ ఎవరినీ అడగకుండా తన సొంత గడియారంతోనే నడుస్తోందని అర్థం. ఆటోమేటిక్ స్విచ్ ఆన్‌లో ఉన్నా సోర్స్ ఇలా ఉండొచ్చు. "ఆటోమేటిక్‌లోనే ఉంది కదా" అన్న ప్రశ్నకు జవాబు ఈ వరుసలోనే ఉంది.

"సర్వీస్ హాజ్ నాట్ బీన్ స్టార్టెడ్" అని వస్తే విండోస్ టైమ్ సర్వీస్ ఆగిపోయింది. "నెట్ స్టార్ట్ డబ్ల్యూ32టైమ్" కొట్టండి, తర్వాత "డబ్ల్యూ32టీఎమ్ /రీసింక్". సర్వీసెస్ జాబితాలో విండోస్ టైమ్ "డిసేబుల్డ్" అని ఉంటే ముందు దాన్ని "మాన్యువల్" చేయాలి. అదీ కుదరకపోతే సర్వీస్‌ను తీసేసి మళ్లీ నమోదు చేయండి: "నెట్ స్టాప్ డబ్ల్యూ32టైమ్", "డబ్ల్యూ32టీఎమ్ /అన్‌రిజిస్టర్", "డబ్ల్యూ32టీఎమ్ /రిజిస్టర్", "నెట్ స్టార్ట్ డబ్ల్యూ32టైమ్". వరుస ఇదే ఉండాలి. మళ్లీ నమోదు చేస్తే పాత సెట్టింగులు పోయి మామూలు సెట్టింగులు వస్తాయి, కాబట్టి కంపెనీ మెషీన్ మీద ఐటీని అడగకుండా ఇది చేయకండి.

5. కంపెనీ డొమైన్‌లో ఉన్న ల్యాప్‌టాప్ అయితే

డొమైన్‌లో ఉన్న మెషీన్ మామూలుగా ఇంటర్నెట్‌లోని టైమ్ సర్వర్‌ను అడగదు, ఆఫీసు డొమైన్ కంట్రోలర్‌నే (లాగిన్లు చూసే ఆఫీసు సర్వర్‌ను) అడుగుతుంది. ఇంట్లో వీపీఎన్ లేకుండా వారాల తరబడి వాడితే అడగడానికి ఎవరూ దొరకరు, గడియారం మెల్లగా పక్కకు జరుగుతుంది. ఆఫీసులో ఉన్నన్నాళ్లూ బాగున్న ల్యాప్‌టాప్ ఇంటికొచ్చాక తప్పడానికి ఎక్కువగా ఇదే కారణం.

వీపీఎన్ కనెక్ట్ చేయండి. రెండు నిమిషాలు ఆగి "డబ్ల్యూ32టీఎమ్ /రీసింక్ /రీడిస్కవర్" కొట్టండి. "రీడిస్కవర్" వదిలేయకండి, సర్వర్‌ను కొత్తగా వెతకమని చెప్పేది అదే. "నో టైమ్ డేటా వాజ్ అవైలబుల్" అని వస్తే వీపీఎన్ గుండా టైమ్ ట్రాఫిక్ వెళ్లట్లేదన్నమాట. అది మీ వల్ల అయ్యేది కాదు, ఐటీకి చెప్పండి.

ఇక్కడ చేయకూడనిది ఒకటుంది. ఎక్కడో చూసిన కమాండ్‌తో డొమైన్ మెషీన్‌కు బయటి టైమ్ సర్వర్ తగిలించవద్దు. ఆ పూటకు పనిచేసినట్టే ఉంటుంది. తర్వాత గ్రూప్ పాలసీ (ఐటీ అన్ని మెషీన్లకూ పంపే సెట్టింగులు) దాన్ని చెరిపేయొచ్చు, లేదా మీ మెషీన్ ఒక టైమ్, ఆఫీసు సర్వర్లు ఒక టైమ్ నడిచి లాగిన్ మొరాయించొచ్చు. ఇప్పటికే అలా చేసి ఉంటే "డబ్ల్యూ32టీఎమ్ /కాన్ఫిగ్ /సింక్‌ఫ్రమ్‌ఫ్లాగ్స్:డామ్‌హైయర్ /అప్‌డేట్" కొట్టి వెనక్కి తీసుకురండి.

సొంత ల్యాప్‌టాప్ అయితే సర్వర్ మార్చుకోవడంలో తప్పులేదు. కంట్రోల్ ప్యానెల్‌లో డేట్ అండ్ టైమ్ తెరిచి, "ఇంటర్నెట్ టైమ్" ట్యాబ్‌లో "చేంజ్ సెట్టింగ్స్" నొక్కండి. (ఆ ట్యాబే కనిపించకపోతే మీ మెషీన్ డొమైన్‌లో ఉన్నట్టు.) మామూలుగా ఉండే సర్వర్ "టైమ్ డాట్ విండోస్ డాట్ కామ్". దానికి బదులు "సమయ్1 డాట్ ఎన్‌ఐసీ డాట్ ఇన్" లేదా "టైమ్ డాట్ ఎన్‌పీఎల్ఇండియా డాట్ ఓఆర్‌జీ" పెట్టుకోవచ్చు. మొదటిది ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీది, రెండోది భారత కాలమానాన్ని నిర్వహించే ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ (ఎన్‌పీఎల్)ది. 2022 ఏప్రిల్ 28న ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల్లో కంపెనీలు అనుసరించాలని చెప్పింది ఎన్‌ఐసీ, ఎన్‌పీఎల్ సర్వర్లనూ వాటికి ముడిపడిన సర్వర్లనే. చిన్న ఆఫీసు నడుపుతూ మీ మెషీన్లు మీరే చూసుకుంటుంటే ఇవి పెట్టుకోవడం మంచిది.

6. నెట్‌వర్క్ అడ్డుపడుతోందా?

టైమ్ సింక్ యూడీపీ పోర్ట్ 123 అనే విడి దారి మీద నడుస్తుంది. వెబ్‌సైట్లన్నీ తెరుచుకుంటున్నా ఈ పోర్ట్ మూసి ఉండొచ్చు. దీన్ని తేల్చే కమాండ్:

డబ్ల్యూ32టీఎమ్ /స్ట్రిప్‌చార్ట్ /కంప్యూటర్:టైమ్.విండోస్.కామ్ /శాంపిల్స్:5 /డేటాఓన్లీ

ఇది గడియారాన్ని మార్చదు, తేడా చూపిస్తుందంతే. అందుకే భయం లేకుండా ఎన్నిసార్లైనా వాడండి. ఐదు వరుసలు వస్తాయి, ప్రతి వరుస చివర తేడా సెకన్లలో ఉంటుంది. 00.03 లాంటి అంకెలొస్తే దారి తెరిచే ఉంది, గడియారమూ బాగుంది. 184.2 లాంటివొస్తే దారి ఉంది, సింక్ మాత్రం జరగట్లేదు, 4వ మెట్టుకు తిరిగి వెళ్లండి. "ఎర్రర్: 0ఎక్స్800705బీ4" వస్తే సర్వర్ నుంచి జవాబే రాలేదు.

జవాబు రాకపోతే ఇంటి వైఫై తీసేసి, ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపి అదే కమాండ్ మళ్లీ కొట్టండి. హాట్‌స్పాట్‌లో వచ్చి వైఫైలో రాకపోతే తప్పు రౌటర్‌దో ఇంటర్నెట్ ప్రొవైడర్‌దో. రెండింట్లోనూ రాకపోతే ల్యాప్‌టాప్‌లోని ఫైర్‌వాల్, యాంటీవైరస్ లేదా వీపీఎన్ క్లయింట్‌ను అనుమానించండి. వీపీఎన్ ఆపి ఒకసారి, పెట్టి ఒకసారి కొలిస్తే అదీ తేలిపోతుంది.

7. బ్యాటరీ అనుమానం

చాలామంది ఉదయం విండోస్ తెరిచి "టైమ్ బాగానే ఉంది" అంటారు. నెట్ రాగానే విండోస్ సరిచేసేసి ఉంటుంది, లోపం దాగిపోతుంది. సరైన పరీక్ష ఇలా చేయండి: రాత్రి పూర్తిగా షట్‌డౌన్ చేసి, కరెంటు ప్లగ్ తీసేయండి. ఉదయం ఆన్ చేస్తూనే బయోస్‌లోకి వెళ్లండి (మెషీన్‌ను బట్టి ఎఫ్2, డిలీట్ లేదా ఎఫ్10). అక్కడున్న టైమ్‌ను ఫోన్‌తో పోల్చండి. నిమిషాలో గంటలో వెనకబడినా, ఏళ్ల కిందటి తేదీ ఉన్నా బ్యాటరీ అయిపోయినట్టే. లైనక్స్ ఒక్కటే ఉన్న మెషీన్‌లో బయోస్ టైమ్ ఐదున్నర గంటలు వెనక ఉండటం సహజం, అది యూటీసీ. దాన్ని "సరిచేయకండి".

డెస్క్‌టాప్‌లో మార్చడం తేలిక. ప్లగ్ తీసి, పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకోండి. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలా కనిపించే 3 వోల్టుల సీఆర్2032ను పక్కనున్న క్లిప్ నొక్కి తీయండి. కొత్తది ప్లస్ గుర్తు పైకి వచ్చేలా పెట్టండి. ల్యాప్‌టాప్‌లలో కొన్నిటికి ఇదే బ్యాటరీ వైరుతో ఉంటుంది, కొన్నిటికి విడిగా ఉండదు. కంపెనీ ల్యాప్‌టాప్‌ను మాత్రం మీరు విప్పవద్దు.

జాగ్రత్త: బ్యాటరీ తీస్తే బయోస్ సెట్టింగులు మొదటికి రావచ్చు. డిస్క్‌కు బిట్‌లాకర్ ఉంటే మళ్లీ ఆన్ చేయగానే 48 అంకెల కీ అడగొచ్చు. కీ లేకపోతే మీ ఫైళ్లు మీకే అందవు. మైక్రోసాఫ్ట్ ఖాతాలోనో ఐటీ దగ్గరో ఆ కీ ఉందని చూసుకుని, రాసిపెట్టుకున్నాకే స్క్రూ విప్పండి.

విండోస్‌తో పాటు లైనక్స్ ఉంటే

విండోస్ మదర్‌బోర్డు గడియారంలో స్థానిక టైమ్ రాస్తుంది, లైనక్స్ యూటీసీ రాస్తుంది. ఒకటి రాసింది ఇంకోటి తప్పుగా చదివి ఐదున్నర గంటలు తేడా చూపిస్తుంది. లైనక్స్‌లో "సుడో టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1" కొడితే అదీ స్థానిక టైమ్‌కు మారుతుంది. అమెరికాలో, బ్రిటన్‌లో ఉండేవాళ్లు ఇలా చేయకుండా విండోస్‌నే యూటీసీకి మార్చుకోవడం మంచిది. అక్కడ ఏటా రెండుసార్లు గంట మారుతుంది, స్థానిక టైమ్ రాస్తే ఆ రోజుల్లో రెండూ కొట్టుకుంటాయి.

లైనక్స్‌లో సింక్ అవుతోందో లేదో "టైమ్‌డేట్‌సీటీఎల్" కొడితే చాలు, "సిస్టమ్ క్లాక్ సింక్రనైజ్డ్: యెస్" రావాలి. మ్యాక్‌లో సిస్టమ్ సెట్టింగ్స్, జనరల్, డేట్ అండ్ టైమ్‌లో ఆటోమేటిక్‌ను ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి. ఎక్కువసార్లు దాంతోనే తీరుతుంది.

ల్యాప్‌టాప్ మూత వేసి తెరిచాక వర్చువల్ మెషీన్‌లోనో డబ్ల్యూఎస్ఎల్‌లోనో (విండోస్ లోపల నడిచే లైనక్స్‌లో) మాత్రమే టైమ్ వెనకబడితే తప్పు విండోస్‌ది కాదు. నిద్రపోయినంతసేపు లోపలి గడియారం ఆగింది. డబ్ల్యూఎస్ఎల్‌లో "సుడో హెచ్‌డబ్ల్యూక్లాక్ -ఎస్" కొట్టండి. వర్చువల్‌బాక్స్, వీఎమ్‌వేర్‌లలో గెస్ట్ అడిషన్స్ లేదా టూల్స్ నడుస్తున్నాయో లేదో చూడండి.

ఇవి గడియారం తప్పులు కావు

రిమోట్ డెస్క్‌టాప్ లోపల డల్లాస్ టైమ్, బయట హైదరాబాద్ టైమ్ కనిపిస్తే ఏమీ చెడలేదు. ఆ మెషీన్ జోన్ అది. లోపల కూడా మన టైమే కావాలంటే "టైమ్ జోన్ రీడైరెక్షన్" పాలసీ ఆన్ చేయమని ఐటీని అడగాలి.

మీటింగులన్నీ ఒక్కసారిగా గంట జరిగాయా? అమెరికాలో మార్చి రెండో ఆదివారం, నవంబర్ మొదటి ఆదివారం గంట మారుతుంది. న్యూయార్క్‌కూ మనకూ తేడా చలికాలంలో పదిన్నర గంటలు, వేసవిలో తొమ్మిదిన్నర. బ్రిటన్‌లో మారేది మార్చి, అక్టోబర్ చివరి ఆదివారాల్లో. ఆ వారాల్లో ల్యాప్‌టాప్ టైమ్ ముట్టుకోకండి, మీటింగ్ పెట్టినవాళ్ల జోన్ చూడండి.

ఆథెంటికేటర్ కోడ్ తీసుకోకపోతే ల్యాప్‌టాప్ కన్నా ముందు ఫోన్ చూడండి. కోడ్ తయారయ్యేది ఫోన్ గడియారంతో. ఫోన్‌లో టైమ్ చేత్తో పెట్టి ఉంటే ఆటోమేటిక్ చేసి, కొత్త కోడ్ వచ్చేదాకా ఆగి కొట్టండి.

ఫలితం సరిచూడటం

సరిచేసిన వెంటనే స్ట్రిప్‌చార్ట్ కొట్టి తేడా ఒక సెకను లోపు ఉందని చూడండి. తర్వాత స్టేటస్‌లో సోర్స్ వరుస చూడండి. మర్నాడు షట్‌డౌన్ చేసి తెరిచాక ఒకసారి, వారం తర్వాత ఒకసారి స్ట్రిప్‌చార్ట్ మళ్లీ కొట్టి అంకె రాసుకోండి. వారానికి కూడా సెకను లోపే ఉంటే సింక్ నిలబడింది. వీపీఎన్ ఎర్రర్ అప్పటికీ పోకపోతే బ్రౌజర్, వీపీఎన్ యాప్ రెండూ పూర్తిగా మూసి తెరవండి. డొమైన్ లాగిన్ సమస్యైతే వీపీఎన్‌లో ఉండగానే ల్యాప్‌టాప్‌ను లాక్ చేసి, పాస్‌వర్డ్‌తో మళ్లీ తెరవండి, కొత్త టికెట్ వస్తుంది.

ఐటీకి టికెట్ పెట్టాల్సి వస్తే "టైమ్ తప్పుతోంది" అని ఒక్క మాట రాస్తే రెండు రోజులు ప్రశ్నలతోనే గడిచిపోతాయి. ఇవి రాయండి: తేడా ఎన్ని సెకన్లు, ముందా వెనకా, ఏ జోన్ పెట్టి ఉంది, స్టేటస్‌లో సోర్స్ వరుస, చివరి సింక్ టైమ్, వీపీఎన్ ఉన్నప్పుడు, లేనప్పుడు, హాట్‌స్పాట్‌లో స్ట్రిప్‌చార్ట్ ఏం చూపించింది, రాత్రంతా ఆపి ఉంచాక బయోస్‌లో టైమ్ ఎంత ఉంది.